పట్నం మహాప్రస్థానానికి మా దిక్కు దండం

జూబ్లీహిల్స్ శ్మశానవాటికా, మహాప్రస్థానమా, నీకు సిరిసిల్ల దిక్కు నుంచి దండం. 2017 జూన్ 14న ప్రభుత్వ లాంఛనాలతో నీ ఒడిలో పెట్టింది మా హన్మాజీపేట బిడ్డను. బడిలో ఉర్దూ చదివి, ఊళ్లో హరికథలూ జంగం కథలూ విని తెలుగును గుండెకు ఎక్కించుకున్న కవి సినారె. 1988లో ఆయనకు జ్ఞానపీఠం తెచ్చిన ‘విశ్వంభర’కు నాయకుడు పేరులేని మనిషి. నీ వాకిట్లోకి రోజూ వచ్చేదీ ఆ మనిషే కదా!

నీ నేల మీద ఒక పాత సినిమా పేర్లు పడుతున్నట్టుంటుంది నాకు. 1962లో ‘గులేబకావళి కథ’ పాటలన్నీ సినారెతో రాయించింది ఎన్టీఆర్. ఆయన కొడుకు హరికృష్ణ 2018 ఆగస్టు 30న నీ దగ్గరికి వచ్చాడు. 2021 డిసెంబరు 1న పాటల రచయిత సిరివెన్నెల. 2022 నవంబరు 16న ‘అల్లూరి సీతారామరాజు’ కృష్ణ; ఆ సినిమాలోనూ సినారె పాట ఉంది. పాట ముందు రికార్డవుతుంది, హీరో తర్వాత వచ్చి పెదవి కలుపుతాడు. నీ దగ్గరా ఆ వరుస తప్పలేదు.

అయినా హైదరాబాద్ పట్నమా, నీ మీద కొంచెం కోపమే. జగిత్యాలలో ఫొటో స్టూడియో పెట్టుకుని, కెమెరా కన్నుతో కవిత్వం రాసిన అలిశెట్టి ప్రభాకర్‌నూ నువ్వే పిలుచుకున్నావు. క్షయ తినేసింది. 1993లో, తాను పుట్టిన జనవరి 12నే పోయాడు. అప్పటికి ఈ మహాప్రస్థానం లేదు, లాంఛనాల ఊసూ లేదు. నిప్పులాంటి చిన్న చిన్న కవితలు మాత్రం మిగిలాయి.

మా దగ్గర చితి మంట ఆరాక పిట్టకు ముద్ద పెడతాం. పిట్ట ముట్టేదాకా కళ్లు ఆకాశం మీదే. జగిత్యాలలో బతికినవాళ్లు, కోరుట్లలో బీడీలు చుట్టినవాళ్లు, సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపినవాళ్లు ఎందరో చివరికి ధర్మపురి గోదారిలో కలుస్తారు. ధర్మపురికి పోతే యమపురి ఉండదంటారు మావాళ్లు. అన్నారని ఊరుకోలేదు, అక్కడ యముడికే గుడి కట్టి దీపం పెడుతున్నారు!

అందుకే మహాప్రస్థానమా, సినారెను నీకు అప్పగించాం గానీ పూర్తిగా రాసివ్వలేదు. ఏటా జూలై 29న, తన పుట్టినరోజుకు, కొత్త కవితల పుస్తకం తెచ్చేవాడు. ఆ పుస్తకాలు మా దగ్గరున్నాయి. ఒగ్గుకథ చెప్పిన మిద్దె రాములుదీ సినారె ఊరే. ఆ హన్మాజీపేట ఇప్పటికీ మా రాజన్న సిరిసిల్ల జిల్లాలోనే ఉంది.