చింతమాను మీది గళ్ల పూలు

అనంతపురం సీమలో ఎండాకాలం వచ్చిందంటే శెనక్కాయ చేలన్నీ బీళ్లవుతాయి, చెరువు అడుగు నెర్రెలిస్తుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మంచి ఏడు. నైరుతి మేఘం పడమటి కనుమల మీదే బరువు దించుకుని వస్తుంది. ఈశాన్య మేఘం తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి వట్టిపోతుంది. ఇలాంటి చోట, నడివేసవిలో, పాత చింతమాను కొమ్మ మీద ఆర్కిడ్ పూస్తుందంటే చాలామంది నమ్మరు. ఆర్కిడ్ అంటే పెళ్లి మండపానికి పెట్టెల్లో దిగే ఊదారంగు పూలేనని వాళ్ల లెక్క.

దీని పేరు వాండా టెస్సెల్లేటా. మనవాళ్లకు బదనిక. ఆ పేరే దీని పాలిట శాపమైంది. చెట్టు మీద ఏది మొలిచినా బదనికే అంటాం. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చే అసలు బదనికనూ, ఈ పాపమెరుగని మొక్కనూ ఒకే కొడవలితో నరికేస్తాం. వాండా మానును పట్టుకుని నిలబడుతుంది, అంతే. దాని ఒంట్లోంచి చుక్క నీరు తీసుకోదు.

సంస్కృతంలో ‘వందా’ కూడా చెట్ల మీద మొలిచే మొక్కలకు వాడిన మాటే. సంస్కృత పండితుడు విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాటను పట్టుకున్నాడు. 1820లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ దాన్ని ప్రజాతి పేరుగా స్థిరపరిచాడు. ఇక ‘టెస్సెల్లేటా’, అంటే గళ్లది, అన్న మాట విలియం రాక్స్‌బర్గ్ పెట్టింది. సామర్లకోటలో పుష్కరకాలం ఉండి మన మొక్కలకు బొమ్మలు గీయించిన ఆయన, 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. పువ్వును చేతిలోకి తీసుకుంటే ఆ పేరెందుకో తెలుస్తుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్లు, నేత చీర మీద ఉన్నట్టే. వెనక తెలుపు. మధ్యలో నీలి ఊదా పెదవి. పరిమళం కూడా ఉంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం దాని వేరు. వేలంత లావున గాలిలో వేలాడుతూ, ఎండలో వెండిరంగులో ఉంటుంది. దాని పైపొర అంతా చచ్చిన కణాలే. లోపల ఖాళీ, స్పాంజిలా. తడి తగిలిందా, క్షణాల్లో పీల్చుకుంటుంది, చూస్తుండగానే వేరు ఆకుపచ్చగా మారుతుంది. ఆకు పొదుపు ఇంకొకటి. పగలంతా రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు తీసుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక ఎండ వెలుగులో వండుకుంటుంది. కలబంద, బొమ్మజెముడు చేసేదీ ఇదే.

దీన్ని పెంచాలనుకునేవాళ్లు మొదట మట్టిని మరిచిపోవాలి. మట్టికుండీలో పాతితే వేళ్లు కుళ్లిపోతాయి. గరుకు బెరడున్న చింత, మామిడి, వేప మంచివి. జామ, నీలగిరి మానులు బెరడు ఊడ్చుకుంటాయి కనుక పనికిరావు. తొలకరి పడ్డాక, మానుకు తూర్పు వైపో ఉత్తరం వైపో, పడమటి ఎండ సూటిగా తగలని చోట, పాత నూలుగుడ్డ పేలికతో కట్టాలి. ప్లాస్టిక్ తాడు వద్దు; అది కాండాన్ని కోసేస్తుంది. పేలికైతే వేళ్లు బెరడును పట్టేసరికి తానే చివికి రాలిపోతుంది. పొద్దున్నే వేళ్ల మీద నీళ్లు చిలకరించాలి, వేసవిలో సాయంత్రం కూడా. ఆకుల నడిమి మొవ్వులో నీరు నిలిస్తే కుళ్లు పడుతుంది. మన బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, వేళ్ల మీద తెల్లగా పేరుకుంటుంది. అందుకే వానాకాలంలో నాలుగు పీపాలు పట్టి దాచుకోవడం మేలు. మాను లేనివాళ్లు చెక్కబుట్టలో బొగ్గు, పెంకు ముక్కలు వేసి వేలాడదీసుకోవచ్చు.

విత్తనంతో పెంచడం ఇంటిపని కాదు. ఒక్కో కాయలో దుమ్ములాంటి గింజలు లెక్కకు అందనన్ని ఉంటాయి, కానీ ఒక్కదానికీ తిండి మూట లేదు. అడవిలో బూజు తోడు దొరికితేనే మొలకెత్తుతాయి. 1922లో వృక్షశాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ ఆ బూజు లేకుండానే, చక్కెర కలిపిన పోషక మాధ్యమం మీద ఆర్కిడ్ గింజలను మొలిపించే పద్ధతి చూపాడు. అప్పటి నుంచీ అది గాజుసీసాల పని.

పేరు ఒక శాపమైతే, ఈ మొక్కకు ఇంకో ముప్పు వేరు వల్ల. ఆయుర్వేదంలో కీళ్లనొప్పులకు వాడే రాస్న మన దక్షిణాదిలో ఎక్కువగా దుంపరాష్ట్రం. బెంగాల్ వైపు మాత్రం వాండా వేళ్లే రాస్న. వేరు కావాలంటే మొక్క మొత్తం పోవాల్సిందే. అడవిలోంచి పీక్కొచ్చిన మొక్కను సంతలో కొనవద్దని చేతులెత్తి మొక్కుతాను. రిజర్వు అడవిలో దాన్ని పీకడం నేరం కూడా.

నా మొక్క రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన చింతమాను కొమ్మ మీద దొరికింది. కొమ్మలు కట్టెల లారీ ఎక్కేలోపు బెరడుతో సహా చెక్కి తెచ్చి, పెరట్లో వేపమానుకు కట్టాను. రెండేళ్లు ఆకులు తప్ప ఏమీ లేదు. మూడో వేసవిలో ఆరు పూల గెల వేసింది. ఇప్పుడు మొదలు దగ్గర ఒక పిలక లేచింది, దానికి రెండు వేళ్లు దిగాయి. మూడోది దిగాక వేరుచేసి, పక్కింటివాళ్ల మామిడికి కడదామనుకుంటున్నాం. గుడ్డపేలిక వాళ్లే చింపి పెట్టారు.