ఉల్లేఖనల లెక్క, రోగి లెక్క: రాజేశ్ రావు పరిశోధనలపై ఒక పరిశీలన

ఒక శాస్త్రజ్ఞుడి స్థాయిని ఈ రోజుల్లో రెండు కొలతలతో నిర్ణయిస్తున్నాం: ఆయన పత్రాలను తోటివారు ఎన్నిసార్లు ఉల్లేఖించారు, ఆయన పేరు వార్తల్లో ఎంతగా వినిపించింది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ఆచార్యుడు రాజేశ్ రావు విషయంలో ఈ రెండూ ఘనంగానే ఉన్నాయి. కాని ఆ రెండు కొలతలూ ఒకే పనిని చూపవు. వైద్యుడు అడగవలసిన మూడో ప్రశ్నకు, అంటే రోగికి ఏం దక్కిందన్నదానికి, రెండిటిలోనూ జవాబు లేదు.

ఆయన రచనల్లో వేల ఉల్లేఖనలు పొందినది 1999లో డేనా బాలార్డ్‌తో కలిసి ‘నేచర్ న్యూరోసైన్స్’లో ప్రచురించిన పత్రం. కంటి నుంచి వచ్చిన సమాచారాన్ని మెదడు అంచెలంచెలుగా పైకి పంపుతుందని మా తరం వైద్యవిద్యార్థులు చదువుకున్నారు. ఈ నమూనాలో పై అంచె ముందుగానే ఒక అంచనాను కిందికి పంపుతుంది. కింది అంచె ఆ అంచనాకూ, అందిన సంకేతానికీ మధ్య తేడాను మాత్రమే పైకి పంపుతుంది. చిన్న గీతకు చురుకుగా స్పందించే నాడీకణం, అదే గీత పొడవైతే ఎందుకు మందగిస్తుందో దీనితో చక్కగా వివరించవచ్చు: పొడవైన గీత ఊహించదగినది, కనుక తేడా తక్కువ.

ఇది గొప్ప సిద్ధాంతం. అయితే ఇది మెదడు-కంప్యూటర్ అనుసంధానం కాదు. ఆయన మొత్తం ఉల్లేఖనలను చూపి ఈ రంగంలో ఆయన ప్రభావం ఇంత అనడం, ఒక పొలం పంటను పక్క పొలం లెక్కలో రాయడమే. పైగా ఉల్లేఖన మెచ్చుకోలో, ఖండనో సంఖ్య చెప్పదు. సింధులిపి భాషాలక్షణాలపై 2009లో ‘సైన్స్’లో వచ్చిన ఆయన పత్రాన్ని తీవ్రంగా విమర్శించినవారి ఉల్లేఖనలు కూడా ఆ పత్రం ఖాతాలోకే చేరాయి.

ఇక వార్తల సంగతి. 2013 ఆగస్టు 12న రావు తలపై విద్యుత్ సంకేతాలను గ్రహించే టోపీ ధరించి, వీడియో ఆటలో ఫిరంగి పేల్చడానికి కుడిచేయి కదిపినట్టు ఊహించారు. ఆ సంకేతం ఇంటర్నెట్ ద్వారా అదే విశ్వవిద్యాలయంలో మరోచోట ఉన్న ఆండ్రియా స్టొకో తలపై అమర్చిన అయస్కాంత చుట్టను చేరింది. స్టొకో చేయి కదిలింది. ఇందులో రెండు భాగాలూ అప్పటికే తెలిసినవి. అయస్కాంత ప్రేరణతో చేతిని కదిలించవచ్చని 1985 నుంచే తెలుసు. కొత్తదనం వాటిని జోడించడంలో ఉంది. మరుసటి ఏడాది మూడు జంటలతో ప్రచురించిన ఫలితాల్లో కచ్చితత్వం 25 నుంచి 83 శాతం వరకూ మారింది. చేరింది ఆలోచన కాదు, ‘పేల్చు’ అన్న ఒకే ఒక్క సంకేతం; గ్రహీత దానిని అర్థం చేసుకోలేదు, అతని కండరం స్పందించింది.

2019 నాటి ‘బ్రెయిన్‌నెట్’ ఇంతకన్నా మెరుగు. అందులో గ్రహీతకు వెలుగు మెరుపు కనిపిస్తుంది. దాన్ని బట్టి నిర్ణయం తానే తీసుకుంటాడు. ముగ్గురేసి సభ్యుల అయిదు బృందాల్లో సగటు కచ్చితత్వం 81.25 శాతం. అయినా పాల్గొన్నవారంతా నోటితో మాట్లాడగల ఆరోగ్యవంతులే.

ఇదే కాలంలో మరో దారి రోగి మంచం దగ్గరకు చేరింది. 2006లో లీ హాక్‌బర్గ్ బృందం, వెన్నుపాము దెబ్బతిని కాళ్లూచేతులూ పడిపోయిన యువకుడి మెదడులో 96 ఎలక్ట్రోడ్లు అమర్చి, తలపుతోనే తెరపై కర్సర్‌ను కదిలించేలా చేసింది. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం ఏఎల్ఎస్ వ్యాధితో మాట స్పష్టత పోయిన ఒక వ్యక్తి పలకబోయిన మాటలను నిమిషానికి 62 చొప్పున అక్షరరూపంలోకి తెచ్చింది. పెద్ద పదజాలంతో నాలుగు మాటలకు దాదాపు ఒక తప్పు దొర్లినా, అది రోగి మాట.

రావు కృషి వృథా అని దీని అర్థం కాదు. శస్త్రచికిత్స లేకుండా పనిచేసే పద్ధతికి దాని విలువ దానికుంది. 2013లో ఆయన రాసిన పాఠ్యగ్రంథం ఈ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థికి దారి చూపుతుంది. మెదడు సంకేతాన్ని చదవడం, తిరిగి మెదడుకు సంకేతం అందించడం ఒకే పరికరంలో జరగాలన్న ఆయన ఇటీవలి ప్రతిపాదన, పక్షవాత రోగుల పునరావాసానికి పనికివచ్చే ఆలోచన. నా దృష్టిలో ఆయన ఈ రంగానికి ఇవ్వగల అసలైన కానుక అదే. 2013 నాటి ప్రయోగం దానికి పీఠిక మాత్రమే.

మనవాళ్ల విజయాలను లెక్కపెట్టి మురిసిపోవడం ప్రవాసంలో మనకు అలవాటు. తప్పులేదు. అయితే ఆ అంకె పక్కన ఇంకో గడి గీసుకోవాలి: మాట పోయిన మనిషి దీనివల్ల ఏం చెప్పగలిగాడు? ఆ గడి ఇంకా ఖాళీగా ఉంటే, ఖాళీగానే ఉందని ఒప్పుకోవడం శాస్త్రజ్ఞుడికి అవమానం కాదు. రోగికి మనం చూపే మర్యాద.