బేసిక్ రెసిపీ: ఓ ఇంజినీరు పనితనం

వేళ్ల కొసలతో ముఖం మీద, ఛాతీ మీద మెల్లగా తట్టుకోవడానికి ఎంత బలం కావాలి? దాదాపు ఏమీ అక్కర్లేదు. అయినా గంటసేపు ట్యాపింగ్ సెషన్‌లో కూర్చుని లేచినవాళ్లు చాలామంది ఒంట్లో సత్తువ లేదని, ఇంటికెళ్లి పడుకోవాలనిపిస్తోందని అంటారు. కొందరికి మధ్యలోనే ఆవలింతలు, నిట్టూర్పులు మొదలవుతాయి. వేళ్లు చేసిన పనికి ఇంత నీరసం రాదు. మరి ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే ఈ పద్ధతిని ఎలా కట్టారో ఊడదీసి చూడాలి. అలా చూశాక కట్టినవాడి మీద నాకు గౌరవం పెరిగింది, ఆయన నమ్మిన సిద్ధాంతం మీద మాత్రం పెరగలేదు.

మొదలుపెట్టింది రోజర్ కాలహన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1980 ప్రాంతంలో నీళ్లంటే భయపడే ఒక మహిళకు చికిత్స చేస్తున్నాడు. నీళ్లను తలుచుకుంటే కడుపులో తిప్పుతుందని ఆమె అంది. చైనా వైద్యంలో ఒంట్లో శక్తి పారే దారులను మెరిడియన్లు అంటారు, కడుపుకు సంబంధించిన మెరిడియన్ కంటి కింద మొదలవుతుంది కాబట్టి అక్కడ తట్టమన్నాడు. భయం పోయిందన్నది ఆయన చెప్పిన కథ. ఆపైన ఆయన ఒక్కో బాధకు ఒక్కో వరసను తయారుచేశాడు. ఏ బాధకు ఏ బిందువు ముందో, ఏది తర్వాతో తేల్చడమే అక్కడ అసలు విద్య. గొంతు విని ఆ వరసను పట్టుకునే పద్ధతినైతే లక్ష డాలర్లకు నేర్పాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ వైద్యుడు కాదు, మనస్తత్వ శాస్త్రవేత్తా కాదు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ చదివినవాడు. అతని బుర్ర వేరేగా పనిచేసింది. బండిలో లోపం ఎక్కడుందో అంతు పట్టనప్పుడు మెకానిక్ ఇంజినంతా విప్పి ఓవర్‌హాల్ చేస్తాడు, ఎక్కడున్నా అందులో పోతుంది. తట్టాల్సిన బిందువులు పదీ పన్నెండే, తట్టడానికి నిమిషం పట్టదు. అలాంటప్పుడు ఏది సరైనదని తలబద్దలు కొట్టుకోవడం ఎందుకు, ప్రతిసారీ అన్నీ తట్టేస్తే పోలేదా? 1990ల మధ్యలో అలా పుట్టింది ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్, ఈఎఫ్‌టీ. అందులోని ఒకే ఒక్క వరసకు అతను పెట్టిన పేరు బేసిక్ రెసిపీ. రోగనిర్ధారణ అనే పెద్ద గోడను ఒక్క ఆలోచనతో కూలగొట్టి, మాన్యువల్‌ను ఊరికే పంచిపెట్టాడు.

ఇక దగ్గరగా చూద్దాం. ఒకావిడకు లిఫ్ట్ అంటే భయం అనుకోండి. మొదట ఆ భయాన్ని తలుచుకుని సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పాలి. ఈ కొలత క్రెయిగ్ సొంతం కాదు, జోసెఫ్ వోల్పీ అనే మనోవైద్యుడు వాడిన కొలబద్దను అతను తెచ్చుకున్నాడు. ఆవిడ ఎనిమిది అంది. తర్వాత అరచేతి అంచు మీద, చిటికెన వేలి కింద కండ ఉన్న చోట, తట్టుకుంటూ మూడుసార్లు ఇలా అనాలి: "నాకు లిఫ్ట్ అంటే ఇంత భయం ఉన్నా సరే, నన్ను నేను మనసారా ఒప్పుకుంటున్నాను." వాక్యంలో మొదటి సగం బాధను దాచదు, రెండో సగం తిట్టదు. ధైర్యం తెచ్చుకో, అదేం భయం అనే హితబోధకు అందులో చోటే లేదు. ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అతుకు ఇదే.

అక్కడి నుంచి కనుబొమ మొదలు, కంటి పక్క ఎముక, కంటి కింద, ముక్కు కింద, కింది పెదవికీ గడ్డానికీ మధ్య గుంట, కాలర్‌బోన్ కింద, చంక కింద, ఆపైన వేళ్ల గోళ్ల పక్కన. ఒక్కో చోట ఏడుసార్ల దాకా తట్టాలి. ప్రతి చోటా "ఈ లిఫ్ట్ భయం" అని చిన్న మాట అనుకుంటూ ఉండాలి. మనసు పక్కదారి పట్టకుండా పట్టి ఉంచే కొయ్య ఆ మాట. ఉంగరపు వేలిని మాత్రం వదిలేశారు. ఆ వేలి మెరిడియన్ సంగతిని చేతి వెనక ఉన్న గ్యామట్ బిందువు చూసుకుంటుందని లెక్క. ఆ బిందువును తడుతూ చేసే తొమ్మిది పనులు చూడాల్సిందే: కళ్లు మూయడం, తెరవడం, తల కదపకుండా కుడివైపు కిందికి, ఎడమవైపు కిందికి చూడటం, కనుగుడ్లను గుండ్రంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పడం, రెండు క్షణాలు కూనిరాగం, ఒకటి నుంచి ఐదు అంకెలు, మళ్లీ కూనిరాగం. బస్టాండులో చేస్తే జనం చుట్టూ మూగుతారు. తర్వాత్తర్వాత ఈ భాగాన్నీ, వేళ్లనూ చాలామంది తీసేసి, నడినెత్తిని చేర్చారు. మంచి పనే చేశారు.

ఒక వరస అయ్యాక మళ్లీ అంకె అడుగుతారు. ఎనిమిది ఐదుకు దిగితే వాక్యం కూడా మారుతుంది: "ఇంకా కొంత భయం ఉన్నా సరే." జరిగిన మేలును లెక్కలోకి తీసుకుని, మిగిలినదాని మీదే పని చేసేలా చెక్కారు.

అలసట అసలు వచ్చేది ఇక్కడే. బాధ చిన్నదైతే తేలికగా పోతుంది. ఏళ్ల తరబడి అణచిపెట్టుకున్న సంఘటన అయితే దాన్ని కావాలని పైకి తీసి, గంటసేపు ఎదురుగా పెట్టుకుని చూడాలి. గుండె దడ, బిగిసిన కండరాలు, ఏడుపు అన్నీ వస్తాయి, తర్వాత సడలిపోతాయి. అంతసేపు అప్రమత్తంగా ఉన్న శరీరం ఒక్కసారిగా దిగిపోయినప్పుడు నిద్ర ముంచుకురావడంలో వింత లేదు. బాగా ఏడ్చాక మనకెవరికైనా కమ్ముకునే మత్తే ఇది. క్రెయిగ్ దీన్ని గుర్తించాడనడానికి సాక్ష్యం అతని మెత్తని పద్ధతులు. సంఘటనను సినిమాలా చెప్పిస్తూ, భావం ఉప్పొంగిన ప్రతి చోటా కథ ఆపి తట్టిస్తారు. ఇంకా కష్టమైనదైతే దాన్ని తలుచుకోనే వద్దు, తలుచుకుంటే అంకె ఎంత ఉంటుందో ఊహించి చెబితే చాలంటారు. మనిషిని మరీ అలవనివ్వకుండా చూసే ఈ శ్రద్ధ తొందరపాటు వైద్యుల్లో కనపడదు.

మరి మెరిడియన్లు? అవి ఉన్నాయనడానికి శరీర శాస్త్రంలో ఆధారం లేదు. 2003లో వెయిట్, హోల్డర్ అనే కెనడా పరిశోధకులు 119 మంది విద్యార్థుల మీద ప్రయోగం చేశారు. కొందరు అసలు బిందువులను, కొందరు చేతి మీద ఎక్కడో, కొందరు ఒక బొమ్మను తట్టారు. మూడు గుంపుల్లోనూ భయం తగ్గింది. 2012లో డాసన్ చర్చ్ బృందం 83 మందిని పరీక్షించినప్పుడు గంట ట్యాపింగ్ తర్వాత ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ 24 శాతం తగ్గింది, మాట్లాడటం వల్లా ఊరికే కూర్చోవడం వల్లా 14 శాతమే తగ్గింది. చర్చ్ ఈఎఫ్‌టీని ప్రచారం చేసే మనిషే అన్న సంగతి కూడా పాఠకుడు పక్కన పెట్టుకోవాలి. నా మటుకు బొమ్మను తట్టిన ప్రయోగమే ఎక్కువ నమ్మించింది. క్రెయిగ్ గొప్పగా చెప్పుకున్న బిందువులను తీసేసినా, అంకె, వాక్యం, పట్టి ఉంచే మాట, మెత్తని నడక నిలబడే ఉన్నాయి. పనితనం ఉన్నది వాటిలోనే.

సెషన్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ రోజు సాయంత్రం పనులేవీ పెట్టుకోకండి, నిద్ర మత్తుగా ఉంటే బండి నడపకండి, నీళ్లు తాగి పడుకోండి. పెద్ద దెబ్బ తిన్న జ్ఞాపకాలను మాత్రం యూట్యూబ్ చూసి ఒంటరిగా తవ్వొద్దు, శిక్షణ ఉన్న మానసిక వైద్య నిపుణుల దగ్గరే చేయండి. మామూలుగా ఈ నీరసం ఒక రాత్రి నిద్రతో పోతుంది. రోజుల తరబడి వదలకపోతే దాన్ని ట్యాపింగ్ ఖాతాలో రాయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.