బియ్యం డబ్బులు, మేక డబ్బులు

ఈ వారం శృంగవరపుకోటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్క బంతిలో ఇద్దరు పెద్దమనుషులు అరకు కొండల ఆదివాసీల గురించి వాదనకు దిగారు. ఒకాయన కొండ ఊళ్ళలో గుళ్ళు కట్టించడానికి చందాలు పోగుచేసే మనిషి. రెండో ఆయన అనంతగిరి వైపు ఊళ్ళకు ప్రార్థనలు చేయించడానికి వెళ్ళొచ్చే మనిషి. వాళ్ళు గొంతులు పెంచినందుకు నాకు బాధ కలగలేదు. తగవు మధ్యలో ఒక్క మాట దగ్గర ఇద్దరూ కలిసిపోయారు, అదే నాకు ముద్ద దిగకుండా చేసింది. “అసలు వాళ్ళకి మతమంటూ ఏదీ లేదండీ. మనం ఏది చెబితే అదే” అన్నాడు మొదటాయన. రెండో ఆయన అవునన్నట్టు తలాడించాడు.

ఆ మాట నిజం కాదు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే విత్తనాలు దేవత ముందు పెట్టి, పూజ అయ్యాకే పంచుకుంటారు. మగవాళ్ళు వేటకు వెళతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పట్టి వచ్చేపోయే బళ్ళ దగ్గర పజోరు, అంటే పండుగ డబ్బులు, అడుగుతారు. అది పండుగలో భాగమని తెలియక కార్లలో వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. చెట్టు నిండా కాయలున్నా మామిడి కొత్త పండుగ అయ్యేదాకా నోట పెట్టరు. కొర్రలకూ అంతే, చిక్కుళ్ళకూ అంతే. శంకుదేవుడు, నిసాని, జాకర అనే దేవతలకూ చనిపోయిన పెద్దలకూ ముట్టాకే మనిషి వంతు. కిల్లో ఇంటిపేరు వాళ్ళకు పులి, కొర్రా వాళ్ళకు సూర్యుడు, పాంగి వాళ్ళకు గద్ద వంశపు గుర్తులు. హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపల్ని ఎవరూ పట్టరు. ఇంత కట్టుబాటు ఉన్న బతుకును ఖాళీ కుండ అనుకుంటే, ఎవరికి వాళ్ళు తమది పోసేయవచ్చు. అందుకే ఆ మాట ఇద్దరికీ అంత సులువుగా నచ్చింది.

ఇంతలో మూడో ఆయన సర్దిచెప్పబోయాడు. ఎన్ని దారులైనా చేరేది ఒక్కచోటికే కదా, ఎందుకీ గొడవ అన్నాడు. ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు, అన్నీ ఒకటే అనే మాట నాకు మొదటినుంచీ పడదు. అది మంచి మనసుతో అనే మాటే. కానీ ఎదుటి మనిషిని ఏమీ అడగకముందే సంభాషణ ముగించేస్తుంది. జాకరమ్మ అన్నిచోట్లా ఉండే తల్లి కాదు. ఆమె ఆ ఊరిది, ఆ గట్టుది. ఆమెను తీసుకొచ్చి ఇంకెవరితోనో కలిపేసి, చూశారా మీదీ మాదీ ఒకటే అంటే, ఆ ఊరివాళ్ళు తమ తల్లిని ఎక్కడ వెతుక్కోవాలి? తేడా ఏమిటో తెలుసుకున్నాకే కదా, ఆ తేడాను గౌరవించే పని మొదలయ్యేది.

చాలాకాలం కిందట డుంబ్రిగుడ వైపు ఒక ఊళ్ళో, కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, ఒక ఇంట్లో ఉన్నాను. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు ఊరి పూజల్లో ముందుంటాడు. చిన్నవాడు పెళ్ళయ్యాక ప్రార్థనల్లో కలిశాడు. వాళ్ళ నాన్న పోయాడు. పెద్దకర్మకు మేక కొనాలి. తమ్ముడు తన వాటా ఇవ్వనన్నాడు. ఇలాంటి తగవు ఆ కొండల్లో కొత్త కాదు, ఊరి పండుగ చందా దగ్గరా వస్తుంది, పాతిపెట్టే చోటు దగ్గరా వస్తుంది. ఈ ఇంట్లో మాత్రం అది సొంత నాన్న మీద వచ్చింది. అన్నదమ్ములు కొన్ని రోజులు మాటలు మానేశారు. ఒకే కళ్ళంలో పనిచేస్తూ ఎవరి గంప వాళ్ళు ఎత్తుకునేవాళ్ళు. చివరికి వాళ్ళ మేనమామ పక్క ఊరినుంచి వచ్చి ఇద్దరినీ నెగడు దగ్గర కూర్చోబెట్టాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఆదివాసీ ఒరియా. ఆ రాత్రి నేనూ అక్కడ ఉన్నానని, నాకు అర్థమవ్వాలని కాబోలు, తెలుగులోనే మాట్లాడారు.

“ఆ మేక నెత్తురు నాన్నకి అందుద్దని నేను నమ్మను మావా. నమ్మనిదానికి డబ్బులెడితే అది అబద్దం ఆడినట్టు కాదా?” అన్నాడు తమ్ముడు.

మేనమామ కాసేపు ఆలోచించాడు. “సరే, మేక మాట మీ అన్నది. బియ్యం మాటేటి? వచ్చినోళ్ళు తినాలా వద్దా?”

“తినాల.”

“అయితే మేక డబ్బులు ఆడివి, బియ్యం డబ్బులు నీవి. కట్టెలు కూడా నువ్వే తే.”

అలాగే జరిగింది. మేక కోసే వేళకు తమ్ముడు అక్కడ లేడు, అడవిలో కట్టెలు కొడుతున్నాడు. అతని ఇంటివాళ్ళకు ముందే వేరే కుండలో వండి పక్కన పెట్టారు. ఎవరూ ఎవరి చేతా అబద్ధం ఆడించలేదు. నాన్న రుణంలో ఇద్దరికీ వాటా మిగిలింది. దేవుడు ఒకడా పదిమందా అనే చర్చ అక్కడ ఎవరూ ఎత్తలేదు. నిజంగా ఇవ్వగలిగింది ఏదో, ఇవ్వలేనిది ఏదో గీత గీసి చూపించారు, అంతే. నమ్మకాల గురించి మాట్లాడుకోవడంలో నేర్పంటే ఇదేనని, సిద్ధాంతాల జోలికి పోకుండా బియ్యం దగ్గర తేల్చుకోవాలని అప్పటినుంచీ చాలాచోట్ల చెప్పాను, ఈ కాలమ్‌లోనూ రాశాను.

కానీ ఆ రాత్రి ఇంకో మాట కూడా జరిగింది. దాన్ని నేను ఎక్కడా రాయలేదు. ఒప్పందం కుదిరాక, అందరూ లేవబోతుండగా, అన్న నెమ్మదిగా అడిగాడు. “మీ లెక్క పెకారం నాన్న ఇప్పుడెక్కడున్నాడ్రా?” తమ్ముడు నోరు తెరవబోయాడు. మేనమామ, పొద్దుపోయింది పడుకోండని మాట మార్చేశాడు. ఆ పెద్దాయన నేర్పు మీద నాకు ఇప్పటికీ గౌరవముంది. అయినా ఈ వారమంతా నన్ను పట్టుకున్నది ఆ తెగిపోయిన ప్రశ్నే.

ఎందుకంటే అదే ప్రశ్న మీద సవరల్లో ఒక తరం తరమే మారిపోయింది. సవరలంటే మనకు గిడుగు రామమూర్తి గుర్తుకు రాక తప్పదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఆ కొండవాళ్ళతో మాట్లాడాలంటే ముందు వాళ్ళ మాట రావాలని సవర నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, చివరికి 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించిన మనిషి. ఆయన తర్వాత కొన్ని దశాబ్దాలకు పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంగ్లేయ పరిశోధకుడు ఒడిశా వైపు సవర ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఉండి, చనిపోయినవాళ్ళతో వాళ్ళు చేసే సంభాషణల గురించి 1993లో ఒక పుస్తకం రాశాడు. పూనకం వచ్చిన మనిషి నోట, చాలావరకు ఆడమనిషి నోట, పోయినవాళ్ళు మాట్లాడతారు. బతికున్నవాళ్ళు చుట్టూ కూర్చుని ఏడుస్తారు, నిలదీస్తారు, నవ్విస్తారు, నా మీద కోపం తీరిందా అని అడుగుతారు. ఒకసారితో అయిపోదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. 2017లో ఆయనే ఇంకో పుస్తకం రాశాడు. ఆ ఊళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై బాప్టిస్టులయ్యారు. పోయినవాళ్ళతో మాటలు ఆగిపోయాయి.

ఇక్కడ కొండల అభిమానులు, అందులో నేనూ ఉన్నాను, వెంటనే ఒక మాట అంటారు. ఎవరో వచ్చి వాళ్ళ దగ్గరున్నది లాక్కుపోయారు, వాళ్ళను వాళ్ళ మానాన వదిలేయాల్సింది అని. పోయింది పెద్ద సంపద, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ పిల్లలకూ కారణాలున్నాయి. బడి చదువు వచ్చింది, బలుల ఖర్చు భారమైంది, పాత పెత్తనాల నుంచి బయటపడాలన్న కోరిక పుట్టింది. వాళ్ళు మోసపోయారని ఒక్క ముక్కలో తేల్చేస్తే, మనం ఏది చెబితే అదే వాళ్ళ మతం అన్నవాళ్ళకూ మనకూ తేడా ఏముంది? అదే సవరల్లో మంగేయి గొమాంగో 1936లో సొంత లిపి చేశాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఒక్కో దేవత పేరు. చదువు వచ్చినప్పుడు దేవతల్ని వదలడం ఒక జవాబు, దేవతల్ని అక్షరాల్లోకి తీసుకురావడం ఇంకో జవాబు. రెండూ సవరలు ఇచ్చినవే.

కాబట్టి వదిలేయమనడం గౌరవం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. మేనమామ మార్చేసిన మాట దగ్గరికి తిరిగి వెళ్ళాల్సిందే. బియ్యం లెక్క తేలితే ఆ పూట గడుస్తుంది. నాన్న ఎక్కడున్నాడన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది. ఒకరినొకరు అడగకుండా ఉండిపోయిన చోట బయటివాళ్ళు వచ్చి వాళ్ళ తరఫున జవాబులు చెబుతారు. 2008 ఆగస్టులో ఒడిశాలోని కంధమాల్‌లో హిందూ సన్యాసి స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత చర్చిలూ ఇళ్ళూ తగలబడి, వేలమంది అడవుల్లోనూ శిబిరాల్లోనూ తలదాచుకున్నారు. అదీ ఈ తూర్పు కనుమల్లోనే.

అడిగితే చెప్పగలరనడానికి సాక్ష్యమూ ఈ కనుమల్లోనే ఉంది. నియమగిరిలో బాక్సైట్ తవ్వకం మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండతో అక్కడివాళ్ళకున్న దైవసంబంధం ఏమిటో గ్రామసభలే తేల్చాలంది. జిల్లా జడ్జీ స్థాయి పరిశీలకుల ఎదుట రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళు కూర్చున్నాయి. ఆ కొండ మీద బతికే డోంగ్రియా కోంధులు తమ దేవుడు నియమరాజు గురించి, ఆయన కొండ గురించి, దాన్ని తవ్వితే ఏం పోతుందో దాని గురించి నోరు విప్పి చెప్పారు. వాళ్ళ మధ్య బతికే ఇతర కులాలవాళ్ళూ మాట్లాడారు. 12 ఊళ్ళూ వద్దన్నాయి. మతమంటూ లేనివాళ్ళు కోర్టుకు ఏం చెబుతారు? అక్కడ జరిగింది చాలా మామూలు సంగతి. ఎవరో వాళ్ళను అడిగారు, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

2027 జనగణనకు అల్లూరి జిల్లా ఊళ్ళలో ఇంటింటికీ తిరగబోయేవాళ్ళలో మన బడిపంతుళ్ళూ ఉంటారు. మతం గడిలో మనిషి ఏది చెబితే అది రాయాలన్నది జనగణన నియమం. 2011లో ఆరు మతాలకు అంకెలుండేవి, అవి కాకపోతే పేరు పూర్తిగా రాయాల్సి వచ్చేది. అప్పుడు అలా ఇతర మతాల కింద చేరినవాళ్ళు దాదాపు 79 లక్షలమంది, అందులో 49 లక్షల పైచిలుకు తమది సర్నా అనే ఆదివాసీ మతమని చెప్పినవాళ్ళు. చర్చి పేరు చెబితే ఎస్టీ పోతుందని కొండల్లో భయపెట్టేవాళ్ళున్నారు. ఎస్టీ జాబితాకు మతంతో ముడి లేదు. ఆ సంగతి గడప దగ్గరే చెప్పండి. మాస్టారూ, “హిందువేగా?” అనీ “క్రిస్టియనేగా?” అనీ అడగకండి. “మీ మతమేంటి?” అని అడిగి ఆగండి. ఒకే ఇంట్లో అన్న ఒకటి, తమ్ముడు ఒకటి చెబితే రెండూ రాయండి. నిసాని అంటే నిసాని అనే రాయండి.