కప్పకు కాపీరైటుంది, గడ్డానికి?

2005లో అమెరికాలో మాట్ ఫ్యూరీ అనే చిత్రకారుడు ‘బాయ్స్ క్లబ్’ అనే కామిక్ గీశాడు. అందులో పెపే అనే కప్ప ప్యాంటు పూర్తిగా కిందికి దించి ఒంటేలు పోసుకుంటుంది. అదేంటని స్నేహితుడడిగితే, హాయిగా ఉంటుందంటుంది. అంతే. అందులో మతం లేదు, జాతి లేదు, ద్వేషం లేదు. ఆ కప్ప కథ మాత్రం చివరికి మన గడ్డం దాకా వచ్చింది.

ఇంటర్నెట్‌లో మీమ్ ఎలా పుడుతుంది? ముందు బొమ్మని దాని కథలోంచి కత్తిరిస్తారు. స్నేహితులు పోతారు, గది పోతుంది, ముఖం మిగులుతుంది. 2008లో ఫోర్‌చాన్‌లో ఊరూ పేరూ చెప్పనివాళ్ళు ఆ ముఖాన్ని పట్టుకున్నారు. ఒకరు ఏడిపించారు, ఇంకొకరు వంకరగా నవ్వించారు. గీసినవాడి పేరు రాలిపోయింది. ఇందులో తప్పేముంది? సామెతల్నీ జనం ఇలాగే వాడుకుంటారు.

అయితే ఖాళీ ముఖం మీద గొంతు పెద్దవాడి మాటే అతుక్కుంటుంది. 2016 అమెరికా ఎన్నికల కాలంలో తెల్లజాతి దురహంకారులు కప్పకు నాజీ దుస్తులు తొడిగారు. ఆ సెప్టెంబరులో యాంటీ డిఫమేషన్ లీగ్ దాన్ని ద్వేష చిహ్నాల్లో చేర్చింది. ఎక్కువమంది దాన్ని ద్వేషంతో వాడటం లేదని కూడా ఆ సంస్థే చెప్పింది. ఆ రెండో మాట ఎంతమంది విన్నారు? ఎక్కడో ఒకడు చేసిన పనికి వీధిలోని టోపీలన్నీ సంజాయిషీ చెప్పుకోవడం మనకు కొత్తా?

2017లో ఫ్యూరీ పెపేని శవపేటికలో పడుకోబెట్టి గీశాడు. అయినా కప్ప చావలేదు. అదే ఏడాది టెక్సాస్‌లో ఒక స్కూలు అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పెపేతో పిల్లల పుస్తకం వేశాడు. అందులో దుష్టపాత్ర గడ్డమున్న మొసలి. పేరు అల్కా. ఎవరి గురించో విడమరచి చెప్పాలా? ఫ్యూరీ లాయర్లతో అడ్డుకుని పుస్తకం ఆపించాడు. వచ్చిన లాభం 1,521 డాలర్ల 54 సెంట్లు కౌన్సిల్ ఆన్ అమెరికన్-ఇస్లామిక్ రిలేషన్స్‌కు ఇప్పించాడు. మంచి మనిషి. షుక్రియా.

కానీ ఒకటి ఆలోచించాలి. కప్పకు సొంతదారున్నాడు. సంతకముంది, చట్టముంది. మొసలికి తగిలించిన గడ్డానికి ఎవరున్నారు? అదీ మీమే, ఇంటర్నెట్ కంటే ముసలిది. మన సినిమాలు దాన్ని ఎప్పుడో కత్తిరించుకున్నాయి. గడ్డం కనిపిస్తే టెర్రరిస్టు, లేదంటే హీరో కోసం ప్రాణమిచ్చే దోస్తు. మూడో మనిషి అరుదు. ఈ గడ్డం నాదని ఏ కోర్టులో కాపీరైటు దావా వేయాలి?

2019లో హాంకాంగ్ యువకులు అదే పెపేని తమ ప్రజాస్వామ్య పోరాటానికి గుర్తుగా ఎత్తుకున్నారు. అమెరికా అంటించిన అర్థం వాళ్ళకు అడ్డం రాలేదు. అంటే అతికించిన మాట శాశ్వతం కాదు, వాడేవాళ్ళు మార్చగలరు.

మన పని అక్కడుంది. కత్తిరించిన ముఖానికి దాని కథని తిరిగి కలపాలి. వాళ్ళు ఉత్త గడ్డం గీసిన చోట మనం ఆ గడ్డం నిమురుకుంటూ బిడ్డ ఫీజు లెక్కలేసుకునే అబ్బాని రాయాలి.