నీళ్ళ కింది వాళ్ళ కోసం ఒక ఓడ

నౌకాదళం అనగానే మన కళ్ళముందు నిలిచేవి ఫిరంగులు, క్షిపణులు, విమానాలు దిగే పెద్ద డెక్కు. విశాఖలో నేవీ డే విన్యాసాలకు బీచ్ రోడ్డు కిక్కిరిసిపోయినప్పుడు పిల్లలకు తండ్రులు వేలెత్తి చూపించేవి కూడా వాటినే. నా మనసు మాత్రం కొన్నేళ్ళుగా మరో రకం ఓడల చుట్టూ తిరుగుతోంది. చెడిపోయిన నౌకను లాక్కొచ్చేవి, మునిగినదాన్ని తేల్చేవి, సముద్రం అడుగున చిక్కుకున్న మనుషుల్ని పైకి తెచ్చేవి. ఈ పనుల్లో చివరిదే అన్నిటికంటే కష్టం. దాని కోసమే కట్టిన ఓడ ఇప్పుడు మన తీరాన ఉంది.

2025 జులై 18న ఐఎన్ఎస్ నిస్తార్ విశాఖలో నౌకాదళంలో చేరింది. కట్టింది హిందుస్థాన్ షిప్‌యార్డు. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, జల ఉష అనే ఓడ నీళ్ళలోకి జారిన యార్డు అదే. నిస్తార్ పొడవు 118 మీటర్ల పైచిలుకు. దీనికో జంట ఓడ ఉంది, నిపుణ్. రెండింటికీ జలప్రవేశం ఒకే రోజు, 2022 సెప్టెంబరు 22న జరిగింది. ప్రారంభోత్సవం వార్త పత్రికల్లో ఒక రోజు కనిపించి వెళ్ళిపోయింది. ఆ ఓడ చెయ్యాల్సిన పని ఎలాంటిదో చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదని నాకనిపించింది.

ఈ విద్య ఎలా పుట్టిందో తెలియాలంటే 1927 డిసెంబరుకి వెళ్ళాలి. అమెరికా తూర్పు తీరంలో ఎస్-4 అనే జలాంతర్గామి పైకి తేలుతూ ఒక గస్తీ నౌక కిందపడి మునిగింది. లోతు 35 మీటర్లకు మించదు. ఫాల్కన్ అనే సహాయనౌక వచ్చింది. డైవర్లు దిగి ఇనుప గోడ మీద సుత్తితో కొడితే లోపలి నుంచి జవాబు వచ్చింది. టార్పెడో గదిలో ఆరుగురు బతికే ఉన్నారు. తుపాను గాలికి పైనున్న ఓడ నిలవలేకపోయింది. గాలి తగ్గేసరికి ఆ చప్పుళ్ళు ఆగిపోయాయి. మనుషులు ఎక్కడున్నారో తెలుసు, బతికున్నారని తెలుసు, తలుపు తీసి తెచ్చే సాధనం మాత్రం లేదు.

ఆ సాధనాన్ని మామ్సెన్, మెక్‌కాన్ అనే ఇద్దరు నౌకాదళ అధికారులు తయారుచేశారు. అది బోర్లించిన గంట ఆకారంలో ఉండే ఉక్కు గది. తీగ పట్టుకుని దిగి, మునిగిన జలాంతర్గామి తలుపు మీద సరిగ్గా కూర్చుని, కింది నీళ్ళు తోడేస్తే బయటి సముద్రం ఒత్తిడే దాన్ని అక్కడ అదిమి పట్టేస్తుంది. అప్పుడు తలుపు తీసినా చుక్క నీరు రాదు. 1939 మేలో స్క్వాలస్ అనే జలాంతర్గామి 74 మీటర్ల లోతుకు మునిగినప్పుడు ఆ గంట నాలుగుసార్లు కిందకి వెళ్ళి, బతికున్న 33 మందినీ పైకి తెచ్చింది. ఆఖరి విడతలో తీగ చిక్కుపడి గంటల తరబడి నడిమధ్యలో వేలాడింది కూడా. పైనుంచి ఆ గంటను దించిన ఓడ ఏదనుకున్నారు? పన్నెండేళ్ళ కిందట ఎస్-4 దగ్గర ఏమీ చెయ్యలేక నిలబడిన ఫాల్కనే.

నన్ను ఈ కథలో పట్టుకున్నది ఆ గంట ఒక్కటే కాదు, దాని మీద చేసిన సాధన. స్క్వాలస్ మునిగాక ఎవరో కూర్చుని గీసిన ఉపాయం కాదది. ఏళ్ళ ముందే కట్టి, దించి, తప్పులు దిద్ది, చేతులకు అలవాటు చేసుకుని ఉంచారు.

ఆ సంసిద్ధత లేకపోతే ఏమవుతుందో 2000 ఆగస్టులో ప్రపంచమంతా చూసింది. రష్యా జలాంతర్గామి కుర్స్క్ 108 మీటర్ల లోతున పడింది. 118 మందిలో 23 మంది వెనక గదిలో చేరారు. రష్యా సహాయక యానాలు రోజుల తరబడి ప్రయత్నించినా ఆ తలుపు మీద కూర్చోలేకపోయాయి. చివరికి తొమ్మిదోనాడు తలుపు తీసింది నార్వే నుంచి వచ్చిన, చమురు క్షేత్రాల్లో పనిచేసే ఓడ మీది డైవర్లు. లోపల మంట లేచి ఆ 23 మందీ చాలా ముందే చనిపోయారని విచారణలో తేలింది. కాబట్టి వేగంగా వెళ్ళినా బతికేవారని నేను అనలేను. అయినా, బాగా శిక్షణ పొందిన మనుషులూ సరైన ఓడా ఉంటే ఆ తలుపు తెరుచుకుంటుందని ఆ డైవర్లు చూపించారు. మొదటి మనిషిని 72 గంటల్లో బయటికి తేవాలన్నది ఈ రంగంలో వాళ్ళంతా పెట్టుకున్న గడువు.

ఇంతకీ ఆ ఓడలో ఏముండాలి? మొదటిది, కదలకుండా నిలబడే శక్తి. వంద మీటర్ల కింద ఉన్న చిన్న తలుపు మీదకి మనిషిని దించుతూ ఓడ అటూ ఇటూ జరిగితే ప్రాణం పోతుంది. లంగర్లు వేసుకుంటూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. అందుకని పొట్ట కింద, పక్కల ఉన్న థ్రస్టర్లను కంప్యూటరు క్షణక్షణం సర్దుతూ, గాలీ ప్రవాహమూ ఎటు తోసినా ఓడను ఉన్నచోటే ఉంచుతుంది.

రెండోది డైవర్ల విషయం. లోతుకి వెళ్ళి తొందరపడి పైకొస్తే, గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు లేచినట్టు, ఒంట్లో ఇంకిన వాయువు రక్తంలోనే బుడగలు కడుతుంది. దీనికి కనిపెట్టిన మార్గం శాచురేషన్ డైవింగ్. డైవర్లు ఓడలోనే ఒక ఉక్కు ఛాంబర్లో, కింద ఉండే ఒత్తిడిలోనే వారాల తరబడి కాపురముంటారు. పీల్చేది హీలియం కలిపిన ఆక్సిజన్. మాట సన్నగా కీచుమంటుంది, పైవాళ్ళకు అర్థం కావాలంటే మధ్యలో యంత్రం సర్దాలి. హీలియం ఒంటి వేడిని లాగేస్తుంది కనుక దుస్తుల్లోకి వేణ్ణీళ్ళు పంపుతూనే ఉండాలి. పని గంటలే కావచ్చు, 300 మీటర్ల లోతు నుంచి మామూలు గాలిలోకి రావడానికి పది రోజులు దాటుతుంది. అన్నం కూడా చిన్న కిటికీ పెట్టె గుండా లోపలికి వెళ్తుంది. నిస్తార్ డైవర్లను పంపగలిగేది ఆ 300 మీటర్ల వరకు.

అంతకంటే లోతుకైతే డీఎస్ఆర్‌వీ అనే చిన్న రక్షణ జలాంతర్గామి దిగుతుంది. 650 మీటర్ల వరకు వెళ్ళి ఒక్కో విడతకు 14 మందిని తేగలదు. మన దగ్గర రెండున్నాయి, ఒకటి ముంబయిలో, ఒకటి విశాఖలో. అవి వచ్చినా వాటిని మోసుకెళ్ళే సొంత ఓడ మాత్రం ఇన్నాళ్ళూ లేదు. దొరికిన వేరే ఓడకు బిగించుకుని వెళ్ళాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్లో ఇండొనేసియా జలాంతర్గామి నంగల 53 మందితో కనిపించకుండా పోయినప్పుడు విశాఖ నుంచి మన డీఎస్ఆర్‌వీ మర్నాడే బయల్దేరింది. అది చేరేలోపే, 800 మీటర్లు దాటిన లోతున ముక్కలైన శిథిలాలు దొరికాయి.

పాత నిస్తార్ కూడా ఒకటుండేది. సోవియట్ నుంచి వచ్చి 1971లో చేరింది. ఆ డిసెంబరులో విశాఖ ముందు మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి దిగింది ఆ ఓడ డైవర్లే. రక్షించడానికి ఎవరూ మిగల్లేదు. ఆ నిస్తార్ 1989లో విరమించింది. తర్వాత నిరీక్షక్ ఉంది, దాని డైవర్లు 250 మీటర్లు దాటి దిగారు. అయినా ముందు మరో పనికి కట్టిన ఓడను తెచ్చుకుని సర్దుకున్నదే అది. జలాంతర్గాముల రక్షణ కోసమే కట్టిన ఓడ మనకు మళ్ళీ రావడానికి 36 ఏళ్ళు పట్టింది. ఈ 36 ఏళ్ళూ మన జలాంతర్గాములు మునుగుతూనే, తేలుతూనే ఉన్నాయి.

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి కురుసుర లోపలికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ, ఇంత ఇరుకులో డెబ్బై మందికి పైగా ఎలా బతికారా అని అందరం ఆశ్చర్యపోతాం. నేను మాత్రం అక్కడికి వెళ్ళినప్పుడల్లా తలెత్తి పైకప్పులో ఉన్న మూతల్నే చూస్తాను. అవతలి వైపు నుంచి ఎవరైనా తట్టగలరా అన్నదే నా ప్రశ్న.

2025 సెప్టెంబరులో సింగపూర్ దగ్గర జరిగిన పసిఫిక్ రీచ్ అనే జలాంతర్గామి రక్షణ విన్యాసాలకు నిస్తార్ వెళ్ళింది. మన డీఎస్ఆర్‌వీ అక్కడ విదేశీ జలాంతర్గాముల తలుపుల మీద కూర్చుని చూపించింది. నాకు ఫిరంగి మోతకంటే ఆ వార్తే గొప్పగా తోచింది. ఇక నిపుణ్ కూడా పశ్చిమ తీరంలో పనిలో ఉండాలి, ఎందుకంటే ముంబయి దగ్గర ఆపద వస్తే విశాఖ నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేసరికే 72 గంటలు చెల్లిపోతాయి. ఓడకంటే ముందు ఈ పనికి కావాల్సింది శాచురేషన్ డైవర్లు. అలాంటి మనిషి తయారవడానికి ఏళ్ళు పడుతుంది, సాధన తప్పితే చెయ్యి మరిచిపోతుంది. ఏ ఏడాదీ ఆపద రాలేదు కదా అని ఈ ఓడల సాధన ఖర్చులో కోత పెట్టకూడదు.