టెలిఫోను డైరెక్టరీ పోలిక చాలునా?

ఇంటర్నెట్టులో పేర్లను సంఖ్యలుగా మార్చు డి.ఎన్.ఎస్. అను ఏర్పాటును టెలిఫోను డైరెక్టరీతో పోల్చుట పాఠములలో పరిపాటి. పోలిక తేలికగా తలకెక్కును. కాని ఇంట నెట్టు మొరాయించిన వేళ దారి తప్పించునదియు అదియే.

డైరెక్టరీ ఒక్కచోట అచ్చయిన పుస్తకము. 1983కు పూర్వము స్థితి నిజముగా అట్లే యుండెను. కంప్యూటర్ల పేర్లన్నియు అమెరికాలో ఒకే జాబితాగా నుండగా అందరును నకలు తీసికొనెడివారు. జాబితా మోయరానిదైనందున ఆ యేట పాల్ మొకపెట్రిస్ వేరు పద్ధతి రూపొందించెను. ఇందు పూర్తి పట్టిక ఎవరి వద్దను లేదు. 'గుడివాడ' అని మాత్రమే వ్రాసిన ఉత్తరము చేరునా? ఆ పేరుగల ఊళ్ళు ఇతర జిల్లాలలోను గలవు. అట్లే డొమైను పేరు కుడినుండి ఎడమకు విప్పబడును. చివరి భాగమునకు జవాబుదారి ఒకరు, దానికి ముందున్న దానికి మరియొకరు. బందరు, మచిలీపట్నము ఒకే ఊరైనట్లు, ఒక చిరునామాకు రెండు పేర్లుండుటయు గలదు.

దోషము వెదకుటకు డెల్టా కాలువల పోలిక మేలు. దివిసీమ కొసచేనుకు నీరందనిచో రైతు ముందుగా ప్రకాశం బ్యారేజికి పరుగెత్తడు. తన బోదె చూచుకొనును. కంప్యూటరు రౌటరును అడుగును, రౌటరు నెట్టు సంస్థవారి సర్వరును అడుగును. వచ్చిన జవాబును దారిలోనివారు నిర్ణీతకాలము గుర్తుంచుకొందురు. పాతజవాబే మరల వచ్చుటకు కారణమిదే. అచ్చుపుస్తకపు పోలికలో దీనికి చోటులేదు.

'8.8.8.8 పెట్టండి' అను చిట్కా మరింత చిక్కు. అది గూగుల్ 2009లో తెరచిన సర్వరు. తీగ తెగినచో అదేమి చేయగలదు? ఒక్క కంప్యూటరులో మార్చినచో పక్కనున్న ఫోను బాగుపడదు. పైగా అడిగిన పేర్లన్నియు మరియొకరి చేతికి పోవును. ఈ మాట చెప్పువారు అరుదు.

ముందు పింగ్ ఆజ్ఞతో ఆ సంఖ్యను పిలువవలెను. సంఖ్య పలికి పేరు పలుకనిచో, ఎన్ఎస్‌లుకప్ ఆజ్ఞతో అదే పేరును ఇంటి రౌటరును ఒకసారి, 8.8.8.8ను ఒకసారి అడుగవలెను. రెండవది మాత్రమే చెప్పినచో లోపము రౌటరుదో, నెట్టు సంస్థదో. రెండును 'అట్టి పేరు లేదు' అనినచో తీగ, రౌటరు, సర్వరు అన్నియు బాగుగనే యున్నవి. టైపు చేసిన పేరులో అక్షరము తప్పినదేమో చూడవలెను.